చెప్పులేసుకుని ముట్టుకో

కిందటి వేసవిలో పిన్నివాళ్లింటికి వెళ్లాను. దాహమేసి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేయబోతుంటే వంటింట్లోంచి కేక: "ఆగాగు నాన్నా! చెప్పులేసుకుని ముట్టుకో. జిల్లుమంటుంది." చూస్తే ఫ్రిజ్ పక్కనే ఓ జత హవాయి చెప్పులున్నాయి. ఇంటికి ఎవరొచ్చినా అవే తొడుక్కుని మంచినీళ్లు తీసుకోవాలి. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగితే, "రెండేళ్లయిందేమో. వానాకాలంలో కాస్త ఎక్కువ" అంది, మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పినట్టు.

ఇది పిన్ని ఒక్కదాని కథ కాదు. ఒక ఇంట్లో వాషింగ్ మెషీన్, ఇంకో ఇంట్లో గ్రైండర్, మరో ఇంట్లో మోటార్ వేసినప్పుడల్లా జివ్వుమనే కుళాయి. అందరూ కనిపెట్టిన మందు ఒక్కటే, చెప్పులు. రబ్బరు చెప్పులు ఒంట్లోంచి నేలలోకి వెళ్లే కరెంటును తగ్గిస్తాయి, నిజమే. లీకేజీని మాత్రం తగ్గించవు. జ్వరమొస్తే థర్మామీటర్ దాచేసినట్టు.

కరెంటు 'కొట్టింది' అంటాం, 'పట్టేసింది' అనీ అంటాం. కొట్టినవాడు ఆ కథ పదిమందికీ చెప్పి నవ్విస్తాడు. పట్టేసినవాడు చాలాసార్లు చెప్పడానికి మిగలడు. ఈ రెండు మాటల మధ్య దూరం కొన్ని మిల్లీ ఆంపియర్లే. ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియర్ పారితే చీమ పాకినట్టుంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, వదిలేద్దామన్నా పిడికిలి విడవదు. 30 దాటాక ఊపిరికీ గుండెకూ ముప్పు మొదలవుతుంది. పాత 60 వాట్ల గుండు బల్బు వెలగాలంటే 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. అందులో మూడోవంతు ఒకటి రెండు సెకన్లు గుండె మీదుగా పోతే దాని లయ తప్పడానికి చాలు. పిన్ని ఫ్రిజ్ ఇవాళ జిల్లుమంది. రేపు ఎవరో ఇల్లు తుడిచిన తడి నేల మీద, తడి చేత్తో, వట్టికాళ్లతో అదే తలుపు తీస్తారు. అప్పుడది జిల్లుతో ఆగుతుందన్న పూచీ లేదు.

"మాకు ఎంసీబీ ఉందిగా" అంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగల్ని, మనుషుల్ని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే, 6,000 మిల్లీ ఆంపియర్లు దాటేదాకా దానికి చలనం ఉండదని అర్థం. మనిషి ప్రాణానికి కావలి కాసేవి వేరే రెండున్నాయి. ఒకటి ఎర్తింగ్. లీకైన కరెంటు మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి సులువుగా వెళ్లిపోయే దారి అది. రెండోది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని అది శెట్టిగారిలా ఎప్పటికప్పుడు లెక్క చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. ఫేజునీ న్యూట్రల్‌నీ చెరో చేత్తో పట్టుకుంటే అదీ ఏమీ చేయలేదు, అది వేరే సంగతి. ఆర్‌సీసీబీ ఖరీదు రెండు మూడు వేలు. ఇంటికి ముందర గ్రానైట్ మెట్లు కట్టించేవాళ్లకు ఇదొక లెక్కా?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో విద్యుదాఘాతంతో పోతున్నవాళ్లు దేశంలో ఏటా 12 వేలకు పైనే. 2022 జులైలో కామారెడ్డిలో బట్టలారేసే తీగకు కరెంటు వచ్చి ఒకే ఇంట్లో నలుగురు పోయారు. ఇనప తీగ విప్పేసి నైలాన్ తాడు కట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఒకరిని కరెంటు పట్టేసినప్పుడు ఇంట్లోవాళ్లు ప్రాణం ఆగక చెయ్యి వేసి లాగుతారు, వాళ్లనూ పట్టేస్తుంది. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండు కర్రతో నెట్టాలి. ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా ఛాతీ మీద గట్టిగా, వడివడిగా నొక్కుతూనే ఉండాలి.

కామారెడ్డి ఘటనకు కొద్దిరోజుల ముందు, జూన్ 30న, శ్రీసత్యసాయి జిల్లా చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి వెళ్తున్న ఆడవాళ్ల ఆటో మీద కరెంటు తీగ తెగిపడింది. ఐదుగురు కాలిపోయారు. ఉడుత వల్ల తీగ తెగిందన్నారు అధికారులు. జనం తిట్టారు, నవ్వారు. ఉడుతలు తీగలెక్కడం కొత్తా? తెగిన తీగలో కరెంటు ఆ క్షణమే ఆగిపోయేలా సబ్‌స్టేషన్‌లో ఏర్పాటు ఉండాలి కదా, అదేమైంది? అడగాల్సిన ప్రశ్న అది. పొలంలో ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం చూసి చూసి, పైరు ఎండిపోతుందని రైతే, ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ దించి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేస్తున్నాడు. ఆ స్విచ్ మూడు బ్లేడుల్లో ఒకటి సరిగా విడివడకపోతే అతని పని అంతే. ఆ చావును అతని అజాగ్రత్త ఖాతాలో రాసేయడమూ ఉడుత మీదకు నెట్టడం లాంటిదే.

ఉడుత మాటకు నేనూ నవ్వాను. పిన్నివాళ్లింట్లో చెప్పులు చూశాక ఆ నవ్వు మింగేశాను. కరెంటాఫీసుకు ఉడుత దొరికింది, మనకు చెప్పులు దొరికాయి. రెండుచోట్లా లోపం మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. పాము కనిపిస్తే ఊరంతా కర్రలు పట్టుకొస్తాం. కరెంటు కనిపించదు కాబట్టి దాని బుసను జిల్లు అని ముద్దుగా పిలుచుకుంటున్నాం.

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మీటర్ దగ్గర ఎర్త్ తీగ ఉంది. దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్తే గోడ దిగగానే ఆగిపోయింది. రెండేళ్ల కిందట పెరడంతా టైల్స్ వేయించినప్పుడు అడ్డంగా ఉందని ఎర్త్ గొట్టం కోయించేశారట. కోయించింది ఎవరని అడిగితే పిన్ని, బాబాయ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు టైల్స్ పగలగొట్టి, గుంత తీసి, బొగ్గూ ఉప్పూ పోసి కొత్త గొట్టం దించాడతను. బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టాడు. సాయంత్రానికి జిల్లు పోయింది.

మొన్న ఫోన్ చేసినప్పుడు, ఇప్పుడెలా ఉంది పిన్నీ అన్నాను. "బాగానే ఉంది నాన్నా. ఆ నాలుగు టైల్సే, రంగు కలిసినవి దొరకట్లేదు."