గులాబీ కాయ తినాలంటే గింజ నాటండి

గుల్కంద్, గులాబ్ అర్క్ మన ఇళ్లకు కొత్త కాదు. కానీ రేకులు రాలాక పండే ఎర్రటి కాయను ఎవరూ పట్టించుకోరు. అందులో విటమిన్ సి దండిగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నారింజలు దొరక్క, బ్రిటన్‌లో పిల్లలకు దీని షర్బత్ పట్టారు.

ఇది విని మా కనకాలపేటలో ఒకామె, అప్పుడే కొని తెచ్చిన అంటుమొక్క కాయలు పిల్లాడికి పెట్టబోయింది. వద్దమ్మా అన్నాను. అందానికి పెంచే మొక్కకు కొట్టే పురుగుమందు ఎవరూ తింటారని కొట్టరు కదా! ఆ కాయను గింజకు వాడుకోండి, నోటికి కాదు.

బాగా పండిన కాయ కోసి, గింజలు కడిగి, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో (డీప్ ఫ్రీజర్‌లో కాదు) రెండు మూడు నెలలు ఉంచండి. మన యానాం చలి ఆ గింజకు చాలదు. తర్వాత కుండీలో నాటితే కొన్నే మొలుస్తాయి. తల్లి మొక్క పువ్వే పూయాలనీ లేదు. వాడిన పువ్వును తుంచకండి, తుంచితే కాయ ఉండదు.

కాయ లోపలి నూగు గొంతులో గుచ్చుకుంటుంది. రెండుగా కోసి, గింజలూ నూగూ గీకేసి, కడిగి ఉడికించి, పలుచటి గుడ్డలో వడకట్టాలి. షుగరు ఉన్నవారు పంచదార కలపకండి.

అంత ఓపిక లేదంటారా? విటమిన్ సి ఒక్కటే కావాలంటే జామపండు తినండి, హకీమును నేనే చెబుతున్నాను.