ముందు బ్రేకు, తర్వాతే ఇంజన్

పాత బుల్లెట్టు చాసిస్ ఒకటి చేతికి రాగానే మన కుర్రాళ్లు అడిగే మొదటి మాట: "ఏ ఇంజన్ ఎక్కిద్దాం?" అక్కడే దారి తప్పుతున్నారు. బండిని ఏది ఆపుతుందో తేల్చుకోకుండా ఏది ఉరికిస్తుందో తేల్చుకోవడం ప్రాణాలతో చెలగాటం. ఏ షెడ్డుకైనా వెళ్లి చూడండి. బోరు పెంచడానికీ, సైలెన్సర్ మోతకీ వేలకు వేలు పోసినవాడు బ్రేక్ లైనింగ్ దగ్గరికి వచ్చేసరికి బేరం మొదలుపెడతాడు. ఆ బేరానికి తలూపి బండి అప్పగించే మెకానిక్కుదీ అంతే తప్పు.

మద్రాసులో తయారైన పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్టు 350 సంగతే తీసుకోండి. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, దాదాపు 18 హార్స్‌పవర్. దాని డ్రమ్ బ్రేకులు ఆ శక్తికి సరిపడా పెట్టినవి. అదే చాసిస్‌ను కోసి, పట్టీలు వెల్డింగ్ చేసి, 535 సీసీ ఇంజన్ దూర్చేవాళ్లున్నారు. 2013లో ఆ ఇంజన్‌ను కాంటినెంటల్ జీటీకి పెట్టినప్పుడు కంపెనీ ముందు చక్రానికి 300 మిల్లీమీటర్ల డిస్క్ బిగించింది. ఇంజన్‌ను పట్టుకొచ్చి డిస్క్‌ను అక్కడే వదిలేస్తే ఎలా? వేగం 60 నుంచి 90కి పెరిగితే బ్రేకు మింగాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. అదంతా వేడిగా మారాల్సింది ఆ చిన్న డ్రమ్ములోనే. డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది, లైనింగ్ పట్టు సడలుతుంది, లీవరు హ్యాండిల్ దాకా వస్తుంది, బండి మాత్రం ఆగదు.

ఈ తప్పు కుర్రాళ్లతో మొదలవలేదు. జపాన్ యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్క్ ఉండేది. 1983లో ఎస్కార్ట్స్ దాన్ని రాజ్‌దూత్ 350గా ఇక్కడ తెచ్చినప్పుడు డిస్క్ తీసేసి డ్రమ్ము పెట్టింది. ముప్పై హార్స్‌పవర్ బండికి! ఖర్చు మిగిలింది బ్రేకు దగ్గరే. నలభై ఏళ్ల తర్వాత మనమూ అదే లెక్క వేస్తున్నామంటే ఏం నేర్చుకున్నట్టు?

పైగా ఇంజన్ ఎంపిక అంటే బ్రేకు ఎంపికే. ఘాట్ రోడ్డు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు పాత బుల్లెట్టు ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ సెకండ్ గేరులో బండిని పట్టి ఉంచుతుంది. టూస్ట్రోక్‌లో ఆ పట్టు చాలా తక్కువ, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పాత జావా, యెజ్డీ, ఆర్‌డీ ఇంజన్ల మీద మనసుపడేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందు ఆలోచించాలి.

డ్రమ్ము పనికిరాదని నేననను. శ్రద్ధ లేని డ్రమ్ము పనికిరాదు. చువ్వలు బిగించాక హబ్ కాస్త కోలగా లాగుతుంది, కాబట్టి చక్రం కట్టాకే డ్రమ్మును లేత్ మీద తిప్పించాలి. లైనింగ్‌కు సుద్ద పూసి, చక్రం ఎక్కించి, తిప్పుతూ బ్రేకు మెల్లగా నొక్కి, విప్పి చూడండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే షూ తగులుతోంది. ఒక్క మూలే చెరిగితే ఆ బ్రేకు పేరుకే బ్రేకు. ట్విన్ లీడింగ్ షూ అయితే లింకు రాడ్డు సవరించి రెండు క్యాములూ ఒకేసారి తెరుచుకునేలా చూడాలి. ఈ పనికి ఒక పూట చాలు. ఆ పూట కేటాయించే షెడ్డులు ఎన్ని?

డిస్క్ కావాలంటే ఫోర్కు, హబ్, క్యాలిపర్ ఒకదానికొకటి తయారైన సెట్టే తెచ్చుకోండి. పాత ఫోర్కుకు ముక్క వెల్డింగ్ చేసి క్యాలిపర్ వేలాడదీయడం నేరం.

చట్టమూ ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, చాసిస్, ఇంజన్ పెద్దగా మారని బండికే ఆ రిజిస్ట్రేషన్. వింటేజ్ అంటూ గొప్పలు చెప్పుకునేవాళ్లే ముందుగా పీకి పారేస్తున్నది ఆ బండి సొంత ఇంజన్‌ని!

నా మాట వినండి. 346 సీసీ ఇంజన్‌ను అలాగే ఉంచి బాగుచేయించుకోండి. మిగిలిన డబ్బు ట్విన్ లీడింగ్ షూ ప్లేటుకూ, కొత్త కేబుళ్లకూ, మంచి టైర్లకూ పెట్టండి. బ్రేకు సరిగ్గా పట్టే దాకా ఆ బండిని షెడ్డు గుమ్మం దాటించకండి.