పెత్తనం ఎవరిదైతేనేం?

చదువు మీద పెత్తనం ఢిల్లీదా, రాష్ట్రానిదా? ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో కేంద్రం దాన్ని రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి లాక్కుంది. తిరిగివ్వమనే వాళ్ళ పక్కనే మేమూ.

కానీ 1956లోనే, మైనారిటీ పిల్లలకు తల్లిభాషలో ప్రాథమిక చదువు చెప్పే ఏర్పాటు చూడమంటూ రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. ఆ ఇరవై ఏళ్ళూ పెత్తనం రాష్ట్రానిదే గదా! పటమటలో మా పెద్దలు ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగే చదువుకున్నారు. తెలుగూ మాదే, పేచీ లేదు. ఉర్దూ రాత మాత్రం మౌల్వీసాబు దయ మీద బతికింది.

2019లో జీవో 81 ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు (2020లో హైకోర్టు కొట్టేసిందనుకోండి) తల్లిభాష కోసం గొంతెత్తిన పెద్దల నోట మాకు తెలుగే వినబడింది. ఉర్దూ ఎవరి తల్లిదో?

అధికారం తిరిగి అడిగే అర్జీలో ఉర్దూ పంతులు పోస్టు సంగతీ రాయండి. సంతకం పెడతాం.