ఖాళీ తూటాకూ లెక్క ఉండాలి

పేలిన పిస్తోలు తూటాల ఖాళీలను ఏరుకొచ్చి, ఇంట్లో బల్ల ముందు కూర్చుని వాటిలో మళ్లీ మందు దట్టించుకోవడం అమెరికాలో ఎందరికో సెలవు రోజు వ్యాపకం. సొంత వాడకానికి చేసుకున్నంత వరకు అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి దిగితేనే అడుగుతుంది. అదే పని భారతదేశంలో లైసెన్సు లేకుండా చేస్తే, 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవ శిక్ష వరకూ పడవచ్చు. రెండు దేశాల మధ్య ఇంత దూరం ఉండటం సబబే. అయితే ఇంత కఠినమైన చట్టం ఉన్న దేశంలో ఖాళీ తూటాలకు దొంగ బజారు ఎలా పుట్టిందన్నదే ఆలోచించవలసిన విషయం.

తూటా అంటే నాలుగు వస్తువుల కలయిక. వెనుకవైపు నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, ముందు సీసపు గుండు, వీటన్నింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేలిన తర్వాత మిగిలేది గొట్టం ఒక్కటే. నాలుగింటిలో ఖరీదైనదీ అదే. దానిని సరిచేసి అనేకసార్లు వాడవచ్చు గనుకనే అమెరికాలో తూటాల ధరలు పెరిగినప్పుడల్లా, ముఖ్యంగా కోవిడ్ కాలంలో దుకాణాలు ఖాళీ అయినప్పుడు, కొత్తవారు ఈ పనికి దిగారు. వారికి అక్కడి పుస్తకాలు ముందుగా చేసే హెచ్చరిక అచ్చయిన కొలతలను దాటవద్దని. పిస్తోలు తూటాలో పట్టే మందు గ్రాములో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. పరధ్యానంలో రెండుసార్లు పోస్తే పైకి తెలియదు. పేల్చినప్పుడు పిస్తోలే చేతిలో పగలవచ్చు. బొత్తిగా పోయకపోతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. ఆ వెనుకే పేల్చిన రెండో తూటా ప్రమాదానికి దారి తీస్తుంది. సీసపు ధూళి ఊపిరిలోకి పోవడం మరో బెడద. అచ్చు పుస్తకాలు, తూనికలు దగ్గర పెట్టుకుని చేసే చోటనే ఇన్ని జాగ్రత్తలు అవసరమైనప్పుడు, చాటుమాటున లాంతరు వెలుగులో అందిన మందును అందినంత దట్టించే చోట సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తూటా చుట్టూ రాజకీయం ఈ దేశానికి కొత్త కాదు. కొవ్వు పూసిన తూటాల వదంతి 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయిన సంగతి విదితమే. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుల నుంచి లైసెన్సు కోరి, ఐరోపావారిని మినహాయించింది. స్వతంత్ర భారతం 1959లో ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చి వివక్షను తొలగించింది గాని నియంత్రణను సడలించలేదు. 1959 చట్టం దృష్టిలో మందుగుండు అంటే పూర్తయిన తూటా మాత్రమే కాదు. దాని విడి భాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా. అక్షరాల్లో లోటు లేదు. లోటు ఆచరణలో ఉంది.

అందుకు రాంపూర్ కేసును మించిన సాక్ష్యం అక్కరలేదు. 2010 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ అడవుల్లో మావోయిస్టుల దాడికి 76 మంది జవాన్లు బలయ్యారు. ఆ నెలాఖరులోనే ఉత్తరప్రదేశ్ ప్రత్యేక పోలీసు దళం రాంపూర్‌లో తూటాల దొంగ వ్యాపారం గుట్టు రట్టు చేసింది. పట్టుబడిన సరుకులో పేలని తూటాలతో పాటు ఖాళీలూ ఉన్నాయి. 13 ఏళ్ల విచారణ తర్వాత 2023 అక్టోబరులో న్యాయస్థానం 24 మందికి పదేళ్ల జైలు విధించింది. వారిలో 20 మంది పోలీసు, ప్రాంతీయ సాయుధ దళం, కేంద్ర రిజర్వు పోలీసు దళాలకు చెందినవారే కావడం అత్యంత శోచనీయం. సాధన మైదానంలో ఎన్ని తూటాలు పేల్చారో అన్ని ఖాళీలు తిరిగి జమ కావాలి. లెక్క చూపడానికి ఖాళీలు బయట దొరికితే అసలు తూటాలను పక్కదారి పట్టించడం సులువు. ఆ విధంగా ఇత్తడి గొట్టానికి రెండు విలువలు ఏర్పడుతున్నాయి. ఒకటి మళ్లీ నింపడానికి, రెండోది దొంగ లెక్కను పూడ్చడానికి. రెండోదే ఎక్కువ ప్రమాదకరం అనడంలో సందేహం లేదు.

మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల పనికి పేరుపడిన బీహార్‌లోని ముంగేర్‌లో గాని, పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో గాని నాటు తపంచా తయారుచేసే పనివాడికి ఇనుప గొట్టం కరువు కాదు. కరువు తూటాకే. తపంచాలో ఎక్కువగా పట్టేది .315, 12 బోరు తూటాలు. ఇవి లైసెన్సు తుపాకులకు చట్టబద్ధంగా అమ్ముడయ్యేవే. సరిహద్దుకు ఆవల పాకిస్థాన్‌లోని దర్రా ఆదంఖేల్‌లో ఖాళీలను తిరిగి నింపడం తరతరాలుగా వీధి వ్యాపారంగా సాగింది. తుపాకిని ఒకసారి చేస్తే చాలు, తూటాను మాత్రం మళ్లీ మళ్లీ సంపాదించాలి. అందుచేత అక్రమాయుధాల కట్టడికి అసలు పట్టు తూటా దగ్గరే దొరుకుతుంది. పోలీసు దాడుల ఫోటోల్లో మాత్రం తపంచాల వరుసలే కనిపిస్తాయి, తూటా వచ్చిన దారి కనిపించదు!

క్రీడాకారుల పేరుతో ఈ నియంత్రణను సడలించాలన్న వాదన ఒకటి ఉంది. ఖర్చు నిజమే, సాధనకు వేల తూటాలు కావాలి, మేలైనవి ఇంగ్లండు, జర్మనీల నుంచి రావాలి. 2020లో కేంద్రం క్రీడాకారులకు తుపాకుల పరిమితిని, తూటాల కోటాను పెంచింది. అది సరైన నిర్ణయం. కాని ఇంట్లో తూటాలు నింపుకునే వెసులుబాటు ఇచ్చినా పతకాలు తెచ్చేవారికి దక్కేది స్వల్పం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడేది .22 తూటా. దాని ప్రైమరు గొట్టం అంచులోనే ఇమిడి ఉంటుంది కనుక ఒకసారి పేలితే మళ్లీ నింపడానికి పనికిరాదు. 2024 పారిస్‌లో మను భాకర్ సాధించిన రెండు కాంస్యాలూ గాలి పిస్తోలువి. అందులో మందే లేదు. క్రీడాకారులకు కావలసింది సకాలంలో, సరసమైన ధరకు తూటాలు అందే ఏర్పాటు. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును విడదీసి ఏర్పరచిన మ్యూనిషన్స్ ఇండియా సంస్థ పోటీ స్థాయి తూటాల తయారీపై శ్రద్ధ పెడితే వారికి అంతకన్నా మేలు ఉండదు.

2019 సవరణ తూటాను తయారీదారు నుంచి కొనుగోలుదారు వరకు జాడ పట్టేందుకు నిబంధనలు రూపొందించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆ జాడ కొనుగోలుదారు గుమ్మం వద్ద ఆగిపోకుండా, పేలిన తర్వాత మిగిలే గొట్టం వరకూ సాగాలి. పోలీసు శిక్షణ కేంద్రాల్లో ఖాళీల సంఖ్యతో సరిపెట్టుకోక, వాటి అడుగున ముద్రించిన కర్మాగారపు గుర్తును, సంవత్సరాన్ని పంపిణీ రికార్డుతో సరిచూడాలి. పాత సంవత్సరం ముద్ర ఉన్న ఖాళీతో కొత్త తూటాకు లెక్క చెప్పడం అప్పుడు అంత తేలిక కాదు. జమ అయిన ఖాళీలను తుక్కుగా వేలం వేసే ముందు నలగగొట్టాలి. ఈ పనికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. లెక్క రాసే చేతికి, సరిచూసే కంటికి సంబంధం లేకుండా చూస్తే చాలు. రాంపూర్ కేసులో తూటాలను కాపాడవలసిన వారే వాటిని అమ్ముకున్నారు.