చట్టం గుమ్మం దాకానే

తల్లిదండ్రులకు, విద్యార్థులకు,

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ వంటి వాటిలో ఖాతా ఉండకూడదు. జరిమానా కంపెనీలకే; పిల్లలకూ, అమ్మానాన్నలకూ లేదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే కంపెనీ తల్లి లేదా తండ్రి అనుమతి తీసుకోవాలి. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. అమలు దశలవారీగా జరుగుతుంది.

వినడానికి బాగుంది. కానీ మన ఇళ్లలో ఓటీపీ వచ్చేది నాన్న ఫోన్‌కి, చూసి నొక్కేది పిల్లలు. ఇంగ్లీషు ఫారం చదివి చెప్పేదీ వాళ్లే. ఇక ఆ అనుమతి ఎవరిచ్చినట్టు? ఇంటి లోపల కట్టుబాటు మనమే పెట్టుకోవాలి.

రెండు మూడు నియమాలు చాలు. భోజనాల దగ్గర ఎవరి ఫోనూ ఉండకూడదు, నాన్నది కూడా. రాత్రి పదికి అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగ్‌కి పెట్టాలి. నియమం తప్పితే ఏమవుతుందో ముందే చెప్పండి. కోపంలో కొత్త శిక్షలు వేయొద్దు. దొంగచాటుగా మెసేజీలు చదవొద్దు. చూడాల్సి వస్తే చెప్పి చూడండి. ఎవరైనా బెదిరిస్తున్నారని పిల్లలు వచ్చి చెబితే ఫోన్ లాక్కోమని మాట ఇవ్వండి. ఆ భయంతోనే చాలామంది దాస్తారు.

విద్యార్థులారా, నియమం నచ్చకపోతే కారణం చెప్పి అడగండి. చాటుగా దాటొద్దు.

ఇంకో సంగతి. వీధిలో, బస్సులో మన పిల్లలకు వినబడేది వేరే భాష. అన్నం తినే ఆ అరగంట కూడా ఫోన్‌కే పోతే వాళ్లకు తెలుగు మాట ఇంకెక్కడ దొరుకుతుంది?

- ప్రధానోపాధ్యాయుడు