ఆశ్రయము సంస్థకా? కళాకారునికా?

కావ్యమునకు కృతిభర్త, నాటకమునకు రంగస్థలము, క్రీడకు మైదానము ఆశ్రయములు. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినపుడు రంగస్థలమును, మైదానమును ఒక్కమారుగ మూతపడినవి. అపుడు కృతిభర్త స్థానమున నిలువవలసిన భారము ప్రభుత్వములపై పడినది. ఆ భారమును అవి ఎట్లు వహించినవన్నది విచారింపదగిన విషయము.

బ్రిటిష్ ప్రభుత్వము 2020 జూలైలో సాంస్కృతిక రంగమునకు 157 కోట్ల పౌండ్ల సహాయమును ప్రకటించెను. ఇందు ఇంగ్లండులోని సంస్థలకు ఉద్దేశించిన 115 కోట్లలో 88 కోట్లు గ్రాంటులు, 27 కోట్లు తిరిగి చెల్లింపవలసిన ఋణములు. ఆ నవంబరులో ప్రేక్షకుల టిక్కెట్లపై ఆధారపడిన క్రీడలకు 30 కోట్ల పౌండ్లు కేటాయింపగా, అందు అధికభాగము ఋణరూపముననే ఉండెను. ఈ మొత్తములు అల్పములు కావు. పెక్కు నాటకశాలలు, సంగీతశాలలు నిలద్రొక్కుకొనుటకు అవి తోడ్పడినవి.

అయినను కళారంగ నిధి ప్రధానముగా సంస్థలకే చేరినది. నటుడు, వాద్యకారుడు, దీపములు అమర్చువాడు సాధారణముగా ఏ సంస్థకును నిత్యోద్యోగులు కారు. స్వయముపాధి గలవారికై వేరొక పథకము ఉన్నను, వార్షిక లాభము 50,000 పౌండ్లు మించినవారికిని, ఆదాయమున సగమైనను స్వయముపాధి వలన రానివారికిని అది వర్తింపలేదు. వృత్తిలో క్రొత్తగా ప్రవేశించినవారు తొలి విడతలలో దానికి దూరమైరి. పగలు పాఠశాలలో జీతమునకు బోధించి రాత్రి వేదికపై పాడు గాయకునికి, జీతమే అధికమైనచో, పాట వలన కోల్పోయిన రాబడికి పరిహారము లేదు.

సంస్థ నిలిచిననే కదా కళాకారునికి వేదిక యని ఆక్షేపింపవచ్చును. అది సత్యమే. కాని తాళము వేసిన కట్టడము రెండేండ్ల తరువాతను తెరవబడును; విడిచిన సాధన అంత సులభముగా తిరిగి రాదు. జీవనార్థము వేరు పని పట్టిన వాద్యకారుడు మరల వాద్యము చేపట్టునన్న నిశ్చయము లేదు. వయసు దాటుచున్న క్రీడాకారునికి జారిపోయిన యేడు తిరిగి లభింపదు.

ఐర్లండు ఈ భేదమును గుర్తించినది. మహమ్మారి నుండి కళారంగమును ఉద్ధరించుటకు నియమించిన బృందము సూచన మేరకు, 2022లో 2,000 మంది కళాకారులకు వారమునకు 325 యూరోల చొప్పున మూడేండ్ల ప్రయోగమును ఆరంభించినది. అర్హులలో కొందరినే చీటీ పద్ధతిన ఎన్నుకొనుట ఇందలి లోపము; సహాయము నేరుగా వ్యక్తికి చేరుట గుణము.

ఈ విచారము తెలుగునాటికిని వర్తించును. హరికథకుడు, బుఱ్ఱకథ దళము, వీధినాటక మేళము ఉత్సవములపైనను జాతరలపైనను జీవించువారు. వీరిలో పెక్కుమందికి సంస్థయు లేదు, లెక్కల పుస్తకమును లేదు. సంస్థాముఖముగా వచ్చు సహాయము వీరి గడప త్రొక్కదు. కావున కళాకారుల పట్టికలను ఆపద రాకముందే గ్రామము గ్రామమున సిద్ధపరుపవలెను. సంస్థకిచ్చు ధనములో కళాకారుని పాలు ఇంతయని ముందే నిర్ణయింపవలెను. మరియొక మహమ్మారి వచ్చిన పిదప పేర్లు వెదకుట ఆరంభించినచో, సహాయము చేరునప్పటికి గ్రహీత ఆ వృత్తిలో ఉండడు.