ప్రశ్న కన్నా ముందు వయసు

కొరియాలో కొత్తగా ఎవరితో పరిచయమైనా కాసేపటికే ఒక ప్రశ్న వస్తుంది: "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?" వాళ్లు ఆరా తీస్తున్నారనుకోకండి. అది తెలియకపోతే వాక్యాన్ని ఎలా ముగించాలో వాళ్లకు తేలదు.

మనకు నువ్వు, మీరు ఉన్నాయి. టీచరుగారిని "మీరు" అంటే మర్యాద సరిపోతుంది. కొరియన్‌లో టీచర్ని "మీరు" అనడానికి తగిన మాటే లేదు, హోదాతోనే పిలవాలి. తినడానికి, నిద్రపోవడానికి కూడా పెద్దవాళ్ల విషయంలో వేరే క్రియలు వాడతారు. కాలేజీలో ఒక్క ఏడాది ముందు చేరినా సన్‌బే, వెనక చేరితే హూబే.

2010 నవంబర్‌లో సోల్‌లో జరిగిన జీ20 సమావేశాల చివర, ఒబామా ఆతిథ్య దేశపు విలేకరులను ప్రత్యేకంగా ప్రశ్న అడగమన్నారు. కొరియన్‌లో అడిగినా అనువాదం చేయించుకుంటానన్నారు. ఎవరూ లేవలేదు. ఒక చైనా విలేకరి లేచాడు. అందరిలో ముందు నోరు విప్పడం ఇక్కడ అంత బరువైన పని.

నేను పనిచేసే ల్యాబ్‌లో ఒకసారి ప్రొఫెసర్ చూపించిన గ్రాఫ్‌లో యూనిట్లు తప్పు పడ్డాయి. మాస్టర్స్ మొదటి ఏడాది అమ్మాయి ఒకరు అది పట్టుకుంది, కానీ నోరు విప్పలేదు. సాయంత్రం సన్‌బేకి చెప్పింది, అతను మర్నాడు ప్రొఫెసర్‌కి చెప్పాడు. మెప్పు అతనికి దక్కింది. ఆమె పేరు ఎక్కడా రాలేదు.

అలాగని ఆ సన్‌బే దుర్మార్గుడేమీ కాదు. ఆ అమ్మాయి భోజనానికి డబ్బులిచ్చేది అతనే, తన నోట్సు ఇచ్చేది అతనే, ప్రయోగం కుదరకపోతే అర్ధరాత్రి దాకా పక్కన కూర్చునేదీ అతనే. ఈ నిచ్చెనలో ఆప్యాయత కూడా ఉంది. అందుకే దాన్ని తీసిపారెయ్యడం కష్టం. "పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు" అని విని పెరిగిన మనకు ఇది అర్థం కాని సంగతి కాదు.

పోయిన సెమిస్టర్ నుంచి మా మీటింగుల్లో పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు తీసుకుంటున్నాం. మొదటి వారమే పదకొండు వచ్చాయి. చాలావాటిలో వాక్యాలు పాఠ్యపుస్తకాల్లో, వార్తాపత్రికల్లో వాడే పద్ధతిలో ముగిశాయి. అక్కడ ఎదుటి మనిషి పెద్దా చిన్నా అన్న లెక్క ఉండదు. ప్రశ్నలు ఎప్పుడూ ఉన్నాయి. వాటిని ముగించడానికి ఒక క్రియాపదం కావలసి వచ్చింది, అంతే.